అత్తగారు బయట బెంచీ మీద, కుటుంబ చికిత్స లోపల సెమినార్ హాల్లో

మానసిక వైద్యంలో పీజీ చేస్తున్న డాక్టర్లకూ, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్. విద్యార్థులకూ కుటుంబ వ్యవస్థల చికిత్సలో, అంటే రోగినొక్కడినే కాక ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చేసే వైద్యంలో, గట్టి శిక్షణ ఉండాలని పెద్దలు చెబుతుంటారు. ఆ మాటను మనస్ఫూర్తిగా సమర్థిస్తూనే, ఈ శిక్షణకు ప్రధానమైన ఆటంకం కుటుంబాలేనన్న చేదునిజాన్ని విద్యావేత్తల దృష్టికి తీసుకురావడం నా విధి అనుకుంటున్నాను.

అమెరికా సంగతి వేరు. అక్కడ కుటుంబాన్ని ఆసుపత్రికి రప్పించడమే ఒక పరిశోధన. 1954లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో చేరిన ముర్రే బోవెన్ అనే మనోవైద్యుడు స్కిజోఫ్రెనియా రోగులతోపాటు మొదట తల్లులను, తర్వాత కుటుంబాలనే వార్డులో ఉంచి గమనించాడు. మనకంత శ్రమ అక్కర్లేదు. ఓపీ చీటీ ఒకరి పేరున ఉంటుంది, దిగేది మాత్రం తల్లి, తండ్రి, మేనమామ, చెల్లెలు, అత్తగారు, దారి తెలుసంటూ ఆటో ఎక్కిన పక్కింటాయన. వీళ్లందరికీ అటెండర్లని పేరుపెట్టి, ‘పేషెంటుతో ఒక్కరికి మాత్రమే ప్రవేశం’ అన్న బోర్డు కింద నిలబెట్టిన మన ఆసుపత్రుల ముందుచూపును ఎంత మెచ్చుకున్నా తక్కువే.

అటెండర్లు సర్దుకున్నాక లోపల క్లాసు మొదలవుతుంది. కుటుంబం లేనిదే కుటుంబ చికిత్స నేర్పలేరు కనుక, ఫస్టియర్ విద్యార్థులలోంచే ఒక కుటుంబాన్ని తయారుచేస్తారు. చున్నీ తలమీదుగా కప్పుకున్న అమ్మాయి అత్తగారు. నైట్ డ్యూటీ చేసొచ్చి కునికిపాట్లు పడుతున్న కుర్రాడు మామగారు. (ఇందులో నటన ఏమీ లేదు.) ఇటలీలో మిలాన్ బృందం ప్రచారంలోకి తెచ్చిన వలయ ప్రశ్నల పద్ధతిలో, అంటే ఇంట్లో ఇద్దరి సంగతి మూడోవారిని అడిగే పద్ధతిలో, ‘‘మీ అమ్మగారు అలిగి మాట్లాడడం మానేస్తే, మీ అన్నయ్య, నాన్నగారు ఇద్దరిలో ముందుగా కంగారుపడేది ఎవరు?’’ అని అడిగితే, చెల్లెలి పాత్రధారి కాస్త ఆలోచించి, మార్కులు వచ్చే జవాబు చెబుతుంది. అదే ప్రశ్నను బయట బెంచీ దగ్గర అడిగి చూడండి. చెల్లెలు నోరు తెరిచేలోపే మేనమామ జవాబిస్తాడు, అది శుద్ధ అబద్ధమని అత్తగారు లేస్తుంది, అసలు ముందు అలిగింది ఎవరన్న దగ్గర తాతల నాటి గట్టు తగాదా బయటపడుతుంది. ఇలాంటి క్రమశిక్షణ లేని కుటుంబాలను పెట్టుకుని నలభై అయిదు నిమిషాల్లో అబ్జర్వేషన్ షీటు నింపడం ఏ ఎగ్జామినరుకైనా సాధ్యమేనా?

జీనోగ్రామ్‌ది మరో గోల. అది తరతరాల బంధుత్వాలను గుర్తులతో గీసే కుటుంబ పటం. మగవారికి చదరం, ఆడవారికి వలయం, రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత అని నియమాలు చక్కగానే ఉన్నాయి. అయితే మేనమామను చేసుకున్న పిల్లకు అమ్మమ్మే అత్తగారు అవుతుంది. ఆ వలయాన్ని ఏ వరసలో దించాలో, అత్త, కోడలు, కొడుకుల త్రిభుజంలో ఆమెను ఏ మూలన నిలబెట్టాలో తేలక, విద్యార్థి రబ్బరుతో చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పెడతాడు.

అన్నిటికన్నా ఇబ్బందికరమైనది, శిక్షణ పొందేవారు ముందు తమ ఇంటినే పరిశీలించుకోవాలన్న నియమం. 1967లో ఫిలడెల్ఫియా సమావేశంలో బోవెన్ తన సొంత కుటుంబంతో తాను నెగ్గుకొచ్చిన తీరునే ప్రసంగంగా వినిపించి ఈ అలవాటుకు ఊపు తెచ్చాడు. మన విద్యార్థులు సంస్కారవంతులు. పెదనాన్నగారి తాగుడునూ, పీటల మీద ఆగిపోయిన అక్క పెళ్లినీ మర్యాదగా వదిలేసి, ‘అందరూ అన్యోన్యంగా ఉంటారు’ అని రాసి ఫస్టుక్లాసులో పాసవుతారు.

కొందరు పాత సంగతులు తవ్వుతుంటారు. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో 1950లలోనే డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో డేరాలు వేయించి బంధువులను రోగుల పక్కనే ఉంచారట. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలోనూ ఆ పద్ధతి నడిచిందట. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో కుటుంబాల కోసం ప్రత్యేక కేంద్రమే ఉందట. కాదనను. కానీ డేరాలకు టెండరు పిలవాలి. సెమినార్ హాలుకు ఏసీ ఇప్పటికే ఉంది.

కాబట్టి విశ్వవిద్యాలయాలు అత్త పాత్రధారికి ఇంటర్నల్ మార్కులు పెంచాలనీ, అటెండర్లకు ఇంకో రెండు బెంచీలు, ఒక ఫ్యాను మంజూరు చేయాలనీ కోరుతున్నాను. ఈలోగా మేనమామ ఎవరైనా తలుపు సందులోంచి తల లోపలికి పెట్టి, ‘‘డాక్టరుగారూ, మావాడి గురించి ఒక్క మాట చెప్పాలండీ’’ అంటే, లోపల ఫ్యామిలీ థెరపీ జరుగుతోంది, కాసేపు బయట కూర్చోమని చెబితే సరిపోతుంది.