బ్యారెల్ మీది పేటెంట్ తేదీ రివాల్వర్ తయారైన తేదీ కాదు

పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ వయసును నిమిషంలో తేల్చవచ్చంటూ ఒక సందేశం విస్తృతంగా చేతులు మారుతోంది. అందులోని వాదనలు నాలుగు. బ్యారెల్ మీద చెక్కిన చివరి తేదీయే తయారీ సంవత్సరం; తూటాలు పెట్టే సిలిండర్‌ను పక్కకు తెరిస్తే కనిపించే అంకె సీరియల్ నంబర్; గ్రిప్ (పిడి) చెక్కలకు కంపెనీ బిళ్ళ లేకపోతే అవి తర్వాత ఎవరో మార్చినవి; తూటా లావును సూచించే .38 అనే సంఖ్య రాసి ఉంటే ఏ .38 తూటా అయినా పనికొస్తుంది. ఈ నాలుగూ తప్పే. ఆ కంపెనీ 1899లో ప్రవేశపెట్టి లక్షల సంఖ్యలో తయారు చేసిన .38 మిలిటరీ అండ్ పోలీస్ నమూనాను తీసుకుని వీటిని పరిశీలిద్దాం.

ఈ నమూనా బ్యారెళ్ళ మీద 1906 ఫిబ్రవరి 6, 1909 సెప్టెంబర్ 14, 1914 డిసెంబర్ 29 అనే తేదీలు తరచుగా కనిపిస్తాయి. ఇవి లోపలి యంత్రాంగానికి సంబంధించిన పేటెంట్లు మంజూరైన రోజులు. 1930లలో తయారైన తుపాకీ మీద కూడా చివరి తేదీ 1914గానే ఉంటుంది కాబట్టి, సందేశాన్ని నమ్మినవారు పదిహేను ఏళ్ళకు పైగా తప్పుతారు. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ విషయంలో ఈ లెక్క మరీ విడ్డూరంగా మారుతుంది. ఆ రివాల్వర్‌ను అమెరికా సైన్యం స్వీకరించింది 1873లో. దాని ఫ్రేమ్ (భాగాలన్నీ బిగించే లోహపు చట్రం) మీద తొలినాళ్ళలో వేసిన తేదీలు 1871, 1872. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది. పేటెంట్ తేదీ చెప్పగలిగేది ఒక్కటే: ఆ ముద్ర పడిన తుపాకీ అంతకు ముందుది కాదు.

వయసు తెలియాలంటే సీరియల్ నంబర్‌నూ నిర్మాణంలో వచ్చిన మార్పులనూ కలిపి చూడాలి. 1942లో ఈ నమూనా సంఖ్య పది లక్షలకు చేరాక, రెండో ప్రపంచయుద్ధంలో విక్టరీకి, అంటే విజయానికి గుర్తుగా ‘వి’ అక్షరంతో కొత్త వరుస మొదలైంది; వీటినే విక్టరీ నమూనా అంటారు. ఓడ ఉక్కు డెక్ మీద జారిపడిన రివాల్వర్ పేలి 1944లో ఒక నావికుడు మరణించిన తర్వాత, తూటాను పేల్చే సుత్తి లాంటి హ్యామర్‌ను అడ్డుకునే కొత్త సేఫ్టీని అమర్చి, అలాంటి వాటికి ‘ఎస్‌వి’ అని వేశారు. అంటే ఒక్క అక్షరం అదనంగా ఉంటే ఆ తుపాకీ యుద్ధపు చివరి నెలలది. యుద్ధానంతరం కూడా ఇలాంటి ఆనవాళ్ళు ఉన్నాయి: 1955 ప్రాంతంలో సైడ్‌ప్లేట్ (యంత్రాంగాన్ని మూసే పక్క పలక) పైభాగపు స్క్రూ పోయింది, 1957 నుంచి మోడల్ నంబర్లు వచ్చాయి, 1982 వరకు బ్యారెల్‌ను ఫ్రేమ్‌కు అడ్డంగా పిన్నుతో బిగించేవారు.

సిలిండర్ తెరిచినప్పుడు ఫ్రేమ్ మీద కనిపించే అంకె, ఫ్యాక్టరీలో భాగాలను ఒకదానికొకటి జత కలిపేందుకు వేసుకున్న గుర్తు మాత్రమే. 1957 తర్వాతి తుపాకుల్లో అక్కడే మోడల్ నంబర్ కూడా ఉంటుంది. యుద్ధానికి ముందరి నమూనాల్లో అసలు సీరియల్ నంబర్ పిడి అడుగున ఉంటుంది. అదే నంబర్ సిలిండర్ వెనుక ముఖం మీద, బ్యారెల్ అడుగున కూడా కనిపిస్తే ఆ భాగాలు కలిసి పుట్టినవని భావించవచ్చు. తాతల నాటి ఆయుధం లైసెన్సు మార్పిడికి వెళ్ళేవారు ఈ తేడాను గమనించాలి. గుర్తింపు సంఖ్యను చెరపడం, మార్చడం 1959 నాటి ఆయుధ చట్టం కింద నేరం కాబట్టి, దరఖాస్తులో తప్పు అంకె రాస్తే లేని అనుమానాన్ని కొని తెచ్చుకున్నట్టే.

గ్రిప్‌ల విషయంలో సందేశం చేసే నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే దాన్ని నమ్మి అసలైన చెక్కలను తీసిపారేసి బిళ్ళ ఉన్నవి కొని బిగించేవారుంటారు. తొలి తుపాకులకు నల్లని గట్టి రబ్బరు గ్రిప్‌లు ఉండేవి. 1910 ప్రాంతంలో వాల్‌నట్ చెక్కకు బంగారు రంగు బిళ్ళ వచ్చింది. 1920లలో చాలాకాలం బిళ్ళ లేకుండానే చెక్కలు బిగించారు. ఆ దశాబ్దం చివర వెండి రంగు బిళ్ళ తిరిగి వచ్చింది. యుద్ధకాలపు విక్టరీ నమూనాకు గళ్ళు చెక్కని నున్నటి వాల్‌నట్ చెక్కలే ఉంటాయి, బిళ్ళ ఉండదు. కాబట్టి 1925 నాటి తుపాకీకి మెరిసే వెండి బిళ్ళ కనిపిస్తే సందేహించవలసింది దాన్నే.

నిజమైన పరీక్ష చెక్క లోపలివైపు ఉంది. సరిపోయే స్క్రూడ్రైవర్‌తో స్క్రూ విప్పి, కుడివైపు చెక్కను తిప్పి చూస్తే, చాలా పాత తుపాకుల్లో సీరియల్ నంబర్ పెన్సిల్‌తో రాసి గానీ అచ్చు గుద్ది గానీ ఉంటుంది. పెన్సిల్ గీత నూనెకు మసకబారుతుంది, టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే తేలుతుంది. తుడవడానికి మాత్రం ప్రయత్నించవద్దు. నంబర్ కలిస్తే అంతకు మించిన రుజువు అక్కర్లేదు. కనిపించనంత మాత్రాన చెక్క నకిలీదనీ కాదు. అప్పుడు చెక్క అంచు లోహంతో సమంగా కూర్చుందా, కింద లోహం మీద దశాబ్దాల మచ్చ చెక్క ఆకారంలోనే ఉందా అని చూడాలి.

ఇక తూటా సంగతి. బ్రిటిష్ కామన్‌వెల్త్ దళాలకు వెళ్ళిన విక్టరీ రివాల్వర్లు .38 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) తూటాకు తయారైనవి, అది .38 స్పెషల్ అనే మరో తూటా కన్నా పొట్టిది, కాస్త లావైనది. యుద్ధం తర్వాత మిగులు సరుకుగా అమ్ముడైన వాటిలో అనేకం .38 స్పెషల్ పట్టేలా చాంబర్లు (సిలిండర్‌లో తూటా కూర్చునే గదులు) తొలిపించుకున్నవి. అలాంటి చాంబర్‌లో సన్నని .38 స్పెషల్ తూటా పేల్చితే దాని ఇత్తడి గొట్టం ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. రెండూ .38 కదా అని ఊరుకోకుండా, బ్యారెల్ మీది పూర్తి రాతను చదివి, ఆయుధాల పనివాడితో చాంబర్‌ను కొలిపించాలి.

ఇంత చేసినా తేలేది సుమారు సంవత్సరమే. ఫ్రేములకు నంబర్ వేసే క్రమం వేరు, తుపాకులు గోదాము దాటే క్రమం వేరు. ముందు నంబరుది తర్వాత బయటికి వెళ్ళిన ఉదాహరణలు ఎన్నో. కచ్చితమైన తేదీ కావలసినవారికి మిగిలే దారి, రుసుము చెల్లించి స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ నుంచి లేఖ తెప్పించుకోవడం. రికార్డు దొరికితే అందులో ఉండేది కూడా ఫ్యాక్టరీ నుంచి పంపిన తేదీయే.