గుండు, గంధం, సెన్సార్ లైటు

తిరుపతి బైరాగిపట్టెడలో మా అపార్ట్‌మెంటుకి ముప్పై ఏళ్లు దాటాయి. లిఫ్టు లేదు. మెట్ల ట్యూబ్‌లైట్లు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేవి, వాటి స్విచ్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు మరి. ట్యూబ్‌కి 40 వాట్లు, చోక్ తినేది ఇంకో పది. కామన్ మీటరు బిల్లు చూసి సెక్రటరీ గారికి బీపీ పెరిగి, ఏప్రిల్‌లో మీటింగు పెట్టి, శ్లాబుకి కూల్ రూఫ్ తెల్లరంగు, మెట్లకి మనిషి కదిలితేనే వెలిగే 9 వాట్ల సెన్సార్ ఎల్‌ఈడీలు అన్నారు. మాది టాప్ ఫ్లోర్ కాబట్టి రంగు అనగానే చెయ్యెత్తాను. సెన్సార్ల సంగతి వచ్చేసరికి కాఫీ వచ్చింది, వినలేదు.

రంగుకి వంక పెట్టను, రాత్రి పదింటికి కూడా పెనంలా సెగ కక్కే మా సీలింగు నిజంగానే చల్లబడింది. కాకపోతే రంగు మీద మురికి పడితే ఎండని తిప్పికొట్టడం తగ్గుతుందని మిద్దె మీద వడియాలు పెట్టనివ్వలేదు. మూడో ఫ్లోర్ పిన్నికి అదొక్కటే కోపం.

మే నెలలో కొండకి పోయి, తలనీలాలిచ్చి, గుండుకి దట్టంగా గంధం పూసుకుని, లడ్డూల కవరుతో రాత్రి పదకొండింటికి దిగాను. ఫోన్ చచ్చిపోయింది. మొదటి ఫ్లోర్ లైటు ఎందుకో దయతలచింది. మూడో ఫ్లోర్లో చిమ్మచీకటి. చెయ్యి ఊపాను. రెండు చేతులూ ఊపాను. చివరికి లడ్డూ కవరు తిప్పుతూ ఎగిరాను కూడా, అప్పుడే పిన్ని తలుపు తీసింది.

"ఎవురది?"

చీకట్లో తెల్లటి తలకాయ, గాల్లో ఆడే చేతులు. ఆమె పెట్టిన కేక అలిపిరి దాకా వినిపించుంటుంది. అన్ని ఫ్లోర్ల వాళ్లూ పరిగెత్తుకొచ్చారు, అంతమందిని చూశాక గానీ లైటు వెలగలేదు.

పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి తేల్చాడు. "ఇది మనిషిని చూడదు సామీ. కదిలే ఒంటి వేడికీ వెనకాల గోడ వేడికీ తేడా చూస్తుంది. ఈ ఎండలకి మీ గోడ రాత్రి కూడా ఒంటి మాదిరే కాలతా ఉంది."

డిసెంబర్లో బ్రహ్మాండంగా పనిచేస్తుందట. అందాకా ఏం చేయాలని సెక్రటరీ గారు ఇంకో మీటింగు పెట్టేలోపే, పిన్ని స్టోర్‌రూమ్‌లోంచి పాత ట్యూబ్‌లైటు తీయించి, సొంత మీటరు మీద గుమ్మం ముందు బిగించుకుంది. ఇప్పుడది పగలు కూడా వెలుగుతోంది.