టెస్ట్1 గారికి ఏ ఇబ్బందీ లేదు

హనుమకొండలోని ఒక ఆఫీసులో లబ్ధిదారుల పేర్లు నమోదు చేసే కొత్త సాఫ్ట్‌వేర్ మొదలైంది. నాణ్యత పరీక్ష సంతృప్తికరం అన్న కాగితం మీద సంతకాలు ముందే అయిపోయాయి. రిబ్బను, కొబ్బరికాయ ఆ తర్వాత. దేనికైనా ఒక పద్ధతి ఉండాలి కదా.

పరీక్షకు వంక పెట్టలేం. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని పేరు దగ్గర 'టెస్ట్1' అని కొట్టారు, తీసుకుంది. ఫోన్ నంబరుకు పది తొమ్మిదులు కొట్టారు, తీసుకుంది. 'టెస్ట్2' కూడా మారుమాట లేకుండా నమోదయ్యాడు. ఇంత బుద్ధిమంతులైన లబ్ధిదారులు మన దగ్గర దొరకరు. వీళ్ల ఆధార్‌లో అక్షరదోషాలుండవు, మధ్యాహ్నం బస్సు తప్పిపోతుందన్న టెన్షనూ ఉండదు.

చిక్కంతా ములుగు వైపు నుంచి మనుషులు దిగాకే. మొదటి సమ్మక్క నమోదైంది. రెండో సమ్మక్క రాగానే తెర మీద 'డూప్లికేట్' అని ఎర్రక్షరాలు.

"అవ్వా, నువ్వు ముందే ఉన్నవ్."

"నేనిప్పుడే గద బిడ్డా బస్సు దిగిన!"

"నీ పేరున్నది. తండ్రి సమ్మయ్య, అది గూడ ఉన్నది."

"మేడారం తల్లి పేరు గాక ఇంకేం పెడ్తరు? మా వాడల కేకేస్తే నలుగురు పలుకుతరు."

ఆపరేటర్ తెలివైనవాడు. 'సమ్మక్క2' అని కొట్టాడు. కంప్యూటర్ ఒప్పుకుంది, బ్యాంకు ఒప్పుకోలేదు. ఆధార్‌లో 2 లేదు మరి. ఆధార్ మార్పించుకుని రమ్మన్నారు. మధ్యాహ్నానికి సమ్మక్క7 దాకా వచ్చారు. సారక్కల జోలికి ఇంకా పోనేలేదు. ఇది దొంగ పేర్లను పట్టే సదుపాయమని కంపెనీ వివరణ. నిజమే, బారసాల రోజున కంపెనీని ఒక మాట అడగాల్సింది.

నవ్వుకుని ఊరుకోవచ్చు, ఇలాగే ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో లెక్క కట్టించి 2019 ఏప్రిల్ 18న ఇచ్చిన తెలంగాణ ఇంటర్ ఫలితాలు మరిచిపోగలిగితే. మంచిర్యాల జిల్లా అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే 99. ఆ ఫలితాల తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు త్రిసభ్య కమిటీ వేశారు. ఇకపై ఇంకో ఏజెన్సీతో కూడా లెక్క కట్టించి, రెండూ పోల్చి చూడమని కమిటీ చెప్పింది.

పోల్చి చూడాలట! కిరాణా కొట్టులో చిట్టీ రాసే కుర్రాడు కూడా రెండోసారి కూడి చూసుకుంటాడు. లక్షల మంది పిల్లల మార్కులకు ఆ పాటి పని చేయాలని కమిటీ చెప్పాలా? అదీ అంతమంది పోయాకా? అడిగితే సాంకేతిక లోపం అంటారు. సరే, ఆ లోపాన్ని చూసి 'అంతా బాగుంది' అని సంతకం పెట్టిన మనిషెవరు? ఆ పేరు చెప్పండి.