రేంజి అంకె గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రేంజి అంకె గారి సముఖానికి,

నమస్కారాలు. ఒక్కసారి ఛార్జి చేస్తే కరెంటు కారు ఎన్ని కిలోమీటర్లు వెళుతుందో చెప్పే అంకె తమరు. షోరూములో అడుగుపెడితే కారు కంటే ముందు తమరే కనిపిస్తారు. బ్రోచరులో తమరి పక్కన ఒక చిన్న నక్షత్రం ఉంటుంది. దాని సంజాయిషీ మాత్రం పేజీ అడుగున, భూతద్దానికే అందే అక్షరాల్లో ఉంటుంది.

తమరి పుట్టుపూర్వోత్తరాలు తెలిశాక కొంచెం అసూయ కలిగింది. పరీక్షశాలలో రోలర్ల మీద, ఉన్నచోటే పరిగెత్తే బండిలో జన్మించారు. ఏసీ వేయరు. గతుకులు ఉండవు, ఎదురుగా రాంగ్ రూటులో ట్రాక్టరు రాదు. యూరప్ వాళ్ల పాత పరీక్షలో వేగం గంటకు 120 దాకా వెళ్లేది. మనం దాన్ని తెచ్చుకుని 90 దగ్గర కత్తిరించి మాడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్, పొట్టిగా ఎంఐడీసీ, అని పేరు పెట్టుకున్నాం. అందులోనూ నగర భాగం అని ఒకటుంది, అక్కడ బండి 50 దాటదు.

టాటా కర్వ్ ఈవీ పెద్ద బ్యాటరీనే చూడండి. నగర భాగం లెక్కలో 585 కిలోమీటర్లు, నగరం బయటి భాగం కూడా కలిపితే 502. రోడ్డు మీద 400 నుంచి 425 వస్తుందని కంపెనీయే ఇంకో లెక్క చెప్పింది. ఆధార్ కార్డులో ఒక పుట్టిన తేదీ, పదో తరగతి సర్టిఫికెట్టులో ఒకటి, అమ్మ చెప్పేది మరొకటి ఉన్నట్టుంది వ్యవహారం. ముగ్గురిలో అమ్మే నిజం చెబుతుంది గానీ ఆ తేదీని ఏ ఆఫీసూ ఒప్పుకోదు.

తమరి వల్ల కోర్టు మెట్లెక్కిన కారు కూడా ఉంది. సర్టిఫికెట్టులో 312 ఉన్న టాటా నెక్సాన్ ఈవీ 200 కూడా దాటడం లేదని ఒక కొనుగోలుదారు ఫిర్యాదు చేస్తే, 2021 మార్చిలో ఢిల్లీ ప్రభుత్వం దానికి సబ్సిడీ ఆపేసింది. కంపెనీ హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంది.

అయితే తమరిని నమ్మడం, నమ్మకపోవడం బండి ఏ ఊరిదన్నదాన్ని బట్టి ఉంటుందని మా బావగారిని చూశాకే అర్థమైంది. ఆయనది ధర్మవరం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారయ్యే కియా క్లావిస్ ఈవీ ఆయన దృష్టిలో సొంత మేనల్లుడు. "490 అన్నారంటే 490 వస్తుంది. నడపడం రావాలి అంతే," అంటారు. టాటా అంకె చూపిస్తే పకపకా నవ్వుతారు. రెండూ అదే ఎంఐడీసీ పరీక్ష రాసి వచ్చినవే బావగారూ అంటే, కాఫీ చల్లారిపోతోందని గుర్తుచేస్తారు. కొరియా కంపెనీ కదా అంటే మాత్రం ఊరుకోరు. "ఎర్రమంచి ఏ దేశంలో ఉందోయ్?" మా ఆఫీసులో, టాటా కార్లు తయారయ్యే పుణె ఆయన ఒకరున్నారు. ఆయన వాదన అక్షరం పొల్లుపోకుండా ఇదే, కంపెనీ పేర్లు తిరగేస్తే చాలు.

పెట్రోలు బండివారి సంగతి మరీ విచిత్రం. లీటరుకు 22 అని చెప్పిన బండి 15 ఇస్తే, "ఏసీ వేశాం, ట్రాఫిక్ ఉంది" అని దాని తరఫున వకాల్తా పుచ్చుకుంటారు. తమరు ఓ వంద తగ్గితే మాత్రం కరెంటు బండ్లన్నీ మోసమే.

మొన్న మే నెలలో ఒక మిత్రుడి కరెంటు బండిలో హైదరాబాద్ నుంచి విజయవాడ బయలుదేరాం. ఏ కంపెనీదో చెప్పను, ఆయనకు నాకంటే ఆ బండే దగ్గరి చుట్టం. నకిరేకల్ దాటేసరికి డాష్‌బోర్డు మీద తమరు కరగడం మొదలుపెట్టారు. ఆయన మారు మాట్లాడకుండా ఏసీ కట్టేసి అద్దాలు దించారు. లోపలికి వచ్చింది గాలి కాదు, సెగ. వెనక సీట్లో వాళ్లావిడ డోరు అరలోంచి బ్రోచరు తీసి విసురుకోవడం మొదలుపెట్టారు. అట్ట మీద అంత పెద్ద అక్షరాల్లో ఉన్న తమరు ఆ రోజు ఒక్కరికైనా పనికొచ్చారు.

కాబట్టి విన్నపం ఏమిటంటే, ఒకసారి ఆ రోలర్లు దిగి రండి. ఎండాకాలం, ఏసీ వేసి, ఐదుగురు మనుషులు, డిక్కీలో ఆవకాయ జాడీలు, పంతంగి టోల్ దాటాక వందకు తగ్గకుండా వెళదాం. చివరికి తమరు ఎంత మిగిలితే అంతే అచ్చు వేయిద్దాం.

పెనుకొండ బండికి ఈ పరీక్ష నుంచి మినహాయింపు ఇవ్వాలని బావగారి కోరిక. ఆయన ఇంకా ఆ బండి కొనలేదు. దారిలో ఛార్జింగు దొరుకుతుందో లేదోనని పాత డీజిలు బండే నడుపుతున్నారు.

ఇట్లు,
సూర్యాపేట ఛార్జరు దగ్గర వరుసలో ఉన్న విధేయుడు