34 దరువుల సరిహద్దు తగాదా

మా అన్నయ్య కొడుకు ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటాడు, కంప్యూటర్ మీద కట్టే డ్యాన్స్ సంగీతంలో డ్రమ్ అండ్ బేస్ అనే రకం తప్ప మరొకటి సంగీతమే కాదంటాడు. మా చెల్లెలి కొడుకు సరిహద్దుకు అవతల, కూతవేటు దూరంలో ఆంధ్రలోని పాతపట్నంలో ఉంటాడు, అందులోనే డబ్‌స్టెప్ అనే మరో రకం వినని చెవులు పోగులు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావంటాడు. వీరిద్దరికీ మూడు నెలలుగా మాటల్లేవు. మాఘమాసంలో మా ఇంట జరగబోయే పెళ్లి ఊరేగింపులో డీజే బండి మీద ఏది మోగాలన్నది వివాదాంశం. బంధువర్గమంతా కూర్చుని ఈ వ్యాజ్యాన్ని నాకు అప్పగించింది. హార్మోనియం నేర్చుకోవడం మొదలుపెట్టి మానేసినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే కనుక అర్హత విషయంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

విచారణ మా మేడ మీద గదిలో జరిగింది. వాది తన పాట పెట్టగానే గూట్లోని స్టీలు గ్లాసు అంగుళం జరిగింది. ప్రతివాది తన పాట పెట్టగానే అదే గ్లాసు మరో అంగుళం జరిగి కింద పడింది. ఈ సాక్ష్యాన్ని ఇద్దరూ తమకే అనుకూలంగా వ్యాఖ్యానించుకున్నారు.

తేడా ఎక్కడుందో చెప్పమని అడిగితే మొదట వేగం చూపించారు. డ్రమ్ అండ్ బేస్ నిమిషానికి సుమారు 174 దరువులు, డబ్‌స్టెప్ సుమారు 140. అంటే మా కుటుంబం రెండుగా చీలింది 34 దరువుల మీద. నాలుగు దరువుల ప్రతి ఆవర్తంలో, మొదటిదానిలో స్నేర్ అనే చురుకైన డ్రమ్ము దెబ్బ రెండో దరువు మీదా నాలుగో దరువు మీదా పడుతుంది కాబట్టి నిమిషానికి 87 దెబ్బలు తగులుతాయి; రెండోదానిలో మూడో దరువు మీద ఒక్కటే పడుతుంది కాబట్టి 35 దెబ్బలతో సరిపెట్టుకోవాలి. అందువల్ల పాట సగం వేగంతో నడుస్తున్నట్టు అనిపిస్తుంది, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ నడుమ మా పెద్దన్నయ్య తుమ్మి, చిరంజీవ అనిపించుకునేటంత వ్యవధి దొరుకుతుంది. ఆ స్నేర్‌ను మాత్రం ఇద్దరూ ఒకే పద్ధతిలో తయారుచేస్తారు: తప్పెటను మంట దగ్గర కాచి బిగించినట్టు దాని శ్రుతిని పైకి లాగి, 200 హెర్ట్జ్ (సెకనుకు 200 కంపనాలు) దగ్గర కండ పట్టిస్తారు.

తరువాత వంశవృక్షాలు తెచ్చారు. డ్రమ్ అండ్ బేస్ 1990ల తొలినాళ్లలో ఇంగ్లండులో జంగిల్ అనే సంగీతం నుంచి పుట్టింది. 1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం రికార్డు చేసిన పాటలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన నాలుగు ఆవర్తాల ముక్క, మొత్తం 7 సెకన్లు, దానికి మూలధనం. దాన్నే కోసి, వేగం పెంచి, ముక్కలను అటూ ఇటూ మార్చి అతికి వేలాది పాటలు కట్టారు. వాయించినాయనకు రాయల్టీ ముట్టలేదు. ఈ ఒక్క విషయంలో ఆ దేశాలకూ మా డోలు వాద్యగాళ్లకూ నడుమ సరిహద్దేమీ లేదని నమోదు చేస్తున్నాను. డబ్‌స్టెప్ 2000ల తొలినాళ్లలో దక్షిణ లండన్‌లోని క్రోయ్‌డన్ పరిసరాల్లో గరాజ్ అనే డ్యాన్స్ సంగీతం నుంచి విడివడింది. అక్కడి బిగ్ ఆపిల్ అనే రికార్డుల దుకాణం చుట్టూ తిరిగిన స్క్రీమ్, బెంగా వంటి కుర్రాళ్లు దాన్ని పెంచారు. రెండు వంశాలూ పైకి వెళ్లి జమైకాలో భారీ స్పీకర్లతో పాటలు మోగించే సౌండ్ సిస్టమ్‌ల దగ్గర కలుస్తాయి. ఈ పాయింటు రాగానే ఇద్దరు మేధావులకూ ఒకేసారి దాహం వేసింది.

ఇక అసలు విషయం బేస్, అంటే అడుగున మోగే మంద్రస్వరం. 1988లో డెట్రాయిట్‌కు చెందిన కెవిన్ సాండర్సన్ రీస్ అనే మారుపేరుతో విడుదల చేసిన రికార్డులో ఒక గరగరలాడే బేస్ ఉంది. అదే తరువాత రీస్ బేస్‌గా స్థిరపడింది. అది నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే నా హార్మోనియంలో రెండు రీడ్లు శ్రుతి కలవక చేసిన పని అదే. రంపపు పళ్లలాంటి తరంగాలు రెండు తీసుకుని ఒకదాన్ని 55 హెర్ట్జ్ దగ్గరా మరొకదాన్ని 55.5 దగ్గరా పెడితే, రెండు సెకన్లకొకసారి అవి కలుస్తూ విడిపోతూ ఊగుతాయి. మా గురువుగారు దాన్ని అపశ్రుతి అని వేళ్ల మీద కొట్టారు. వీళ్లు దాన్ని సౌండ్ డిజైన్ అంటున్నారు. ఆ మీదట చేసే సంస్కారాలన్నీ ఉమ్మడివే. స్వరంలో కొంత భాగాన్ని వడకట్టే ఫిల్టరు వేస్తారు, దాని నాబ్‌ను ఎల్‌ఎఫ్‌ఓ అనే నిదానపు తరంగంతో తిప్పించి బేస్ చేత వావ్ వావ్ అనిపిస్తారు, శబ్దాన్ని గరుకుగా చెడగొట్టే డిస్టార్షన్‌తో మాడ్చి, మాడినదాన్ని మళ్లీ రికార్డు చేసి మళ్లీ మాడుస్తారు. కిక్ అనే పెద్ద డ్రమ్ము దెబ్బ పడిన క్షణంలో బేస్ గొంతు తగ్గేలా సైడ్‌చెయిన్ కడతారు. అత్తగారు వంటింటి గడప తొక్కగానే కోడళ్ల మాటలు సన్నగిల్లడం ఈ సూత్రం మీదనే. అడుగున 50 హెర్ట్జ్ ప్రాంతంలో సన్నని సబ్ బేస్ ఒకటి ఉంటుంది. దాని తరంగం పొడవు సుమారు 7 మీటర్లు. మా వీధి వెడల్పు అందులో సగమైనా ఉండదు కాబట్టి, ఊరేగింపు నాడు అది ఎక్కడ తిరగబడుతుందో మునిసిపాలిటీవారు ముందుగా ఆలోచించడం మంచిది.

అప్పుడు నేను ఇద్దరూ తమ పాటలు కట్టిన కంప్యూటర్ ఫైళ్లను పక్కపక్కన తెరిపించాను. డ్రమ్ అండ్ బేస్ పాటలోని బేస్ ట్రాకు పేరు ‘రీస్ ఫైనల్ 2’. డబ్‌స్టెప్ పాటలోని బేస్ ట్రాకు పేరు కూడా ‘రీస్ ఫైనల్ 2’. గొడవకు ముందు ఇద్దరిదీ ఒకే లాప్‌టాప్ అట. పైన వేగం చూపే పెట్టెలో 174 కొట్టేసి 140 వేశారు, స్నేర్‌ను జరిపారు, బావామరదులు కాస్తా శత్రువులయ్యారు.

ఈ తగాదాను చిన్నబుచ్చే అధికారం మా ఊరివాళ్లకు లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీలో కొంత ఇటు వచ్చింది, మిగతాది మద్రాసులో ఉండిపోయింది. అప్పటినుంచి ఒకే పులుసును ఇక్కడ ఒక రాష్ట్రంలోనూ అక్కడ మరో రాష్ట్రంలోనూ తాగుతున్నాం. నౌపడ నుంచి గుణుపురం పోయే రెండున్నర అడుగుల చిన్న రైలు పట్టాలను తీసి పెద్ద పట్టాలు వేశారు, దారిలోని ఊళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

రెండూ ఒకటే కాబట్టి చెరో అరగంట మోగించుకోండని తీర్పు చదివాను. “ఏటి మావయ్యా, పెసరట్టూ దోసే ఒకటే అన్నట్టుంది నీ మాట,” అన్నాడు చెల్లెలి కొడుకు. మూడు నెలల్లో మొదటిసారి అన్నయ్య కొడుకు వాడితో ఏకీభవించాడు. పెనం ఒకటే కదా అన్నాను గానీ, అప్పటికే ఇద్దరూ మెట్లు దిగిపోయారు.

వారం తిరగకుండా గుణుపురం నుంచి పెళ్లికొడుకు తమ్ముడు దిగాడు. అతనిది హాఫ్‌టైమ్ అట: వేగం 170, స్నేర్ మాత్రం డబ్‌స్టెప్‌లో లాగా మూడో దరువు మీద. నా తీర్పుకు నడిచే సాక్ష్యం దొరికిందని నేను సంబరపడుతుండగా, మావాళ్లిద్దరూ కలిసి వచ్చి, అది సంగీతమే కాదనీ, ఆ అబ్బాయిని బండి దరిదాపులకు రానివ్వరాదనీ ఉమ్మడిగా వినతిపత్రం ఇచ్చారు. నియమం ప్రకారం అతని లాప్‌టాప్ కూడా తెరిపించాను. బేస్ ట్రాకు పేరు ‘రీస్ ఫైనల్ 3’.