కొండ మీది చల్లదనం కొండ దిగదా?

ఎండలు ముదిరాయంటే చాలు, తిరుమల మాడ వీధుల్లో నేల మీద తెల్లటి పట్టీలు కనిపిస్తాయి. అది కూల్ పెయింట్. చెప్పుల్లేకుండా నడిచే భక్తుల అరికాళ్లు బొబ్బలెక్కకుండా టీటీడీ వేయిస్తుంది. దానికి తోడు నడిచే దారిలో పట్టాలు, పైన పందిళ్లు, బండల మీద నీళ్లు చల్లే మనుషులు, క్యూలైన్లలో మంచినీళ్లు, మజ్జిగ. ఇంతా చేసి కొండ మీద వేడి కింద కంటే కొన్ని డిగ్రీలు తక్కువే.

ఇక కింద తిరుపతి సంగతి. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు లీలామహల్ సర్కిల్ దగ్గర బండి ఆగితే ఆ ఒక్క నిమిషమే గండంగా ఉంటుంది. అక్కడే ఎక్కడో రోడ్డు పక్కన పొద్దున ఆరింటి నుంచి పూలు అమ్మే ఆమెకు తల మీద కొంగు తప్ప వేరే నీడ లేదు. గాంధీ రోడ్డులో మూటలు దించే హమాలీ, మిట్ట మధ్యాహ్నం కాలవ పూడిక తీసే పారిశుద్ధ్య కార్మికుడు, మూడో అంతస్తుకు ఇటుకలు మోసే మేస్త్రీ మనుషులు... వీళ్లకు పట్టా పరిచేవారు లేరు. ఎండ నుంచి మనుషుల్ని ఎలా కాపాడాలో తిరుపతికి తెలియక కాదు. యాత్రికుల విషయంలో చేసి చూపిస్తూనే ఉంది. ఊళ్లో బతికేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివంతా 'బయటికి రాకండి, జాగ్రత్త' అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోతోంది.

ఆ మాటను నేను తీసిపారేయను. మన విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాలి హెచ్చరికలు పంపుతుంది, అది మంచి పనే. కానీ 'అత్యవసరమైతే తప్ప పదకొండు నుంచి నాలుగు వరకు బయటికి రావద్దు' అన్న మెసేజ్ చదివి నిజంగా ఇంట్లో ఉండగలిగేది ఎవరు? నాలాంటివాళ్లు. రోజు కూలి మీద ఇల్లు గడిచేవాడికి ప్రతి రోజూ అత్యవసరమే.

పైగా ఇంట్లో ఉంటే భద్రం అన్నది కూడా సగమే నిజం. మా వీధి చివర మిద్దె మీద వేసిన రేకుల గదిలో ఒక అవ్వ ఉంటుంది. పోయిన వేసవిలో ఒక రాత్రి తొమ్మిదింటికి ఆమె నన్ను వాళ్లబ్బాయి పేరుతో పిలిచింది, ఏదేదో మాట్లాడింది. పక్కింటివాళ్లు పెద్దతనంలే అనుకున్నారు. చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతోంది. 'ఎండలోకే పోలేదు కదా నాయనా, వడదెబ్బ ఎట్లా తగులుతుంది?' అని అక్కడున్న నలుగురూ అన్నారు. ఆమె ఎండలోకి పోలేదు, నిజమే. ఎండే ఆమె గదిలోకి వచ్చి కూర్చుంది. పగలంతా కాగిన రేకులు, కింద కాగిన మిద్దె, మధ్యలో వేడిగాలిని తిప్పే ఫ్యాను. గాలి వేడి 40 డిగ్రీలు దాటితే వట్టి ఫ్యాను చల్లబరచకపోగా ఒంటికి ఇంకా వేడి ఎక్కిస్తుంది. దానికి తోడు ఆమె బీపీకి వాడే మాత్రల్లో ఒంట్లో నీరు పోయేలా చేసేది ఒకటుంది. రాత్రిపూట మెట్లు దిగి బాత్రూముకు పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం కూడా తగ్గించేసిందట.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొరపడేది ఇక్కడే. తల తిరగడం, కాళ్లు పట్టేయడం, వాంతి వచ్చినట్టుండడం, చెమటలు కారిపోవడం వేడికి ఒళ్లు అలిసిందనడానికి గుర్తులు. నీడ, నీళ్లు, ఓఆర్ఎస్, కాసేపు పడక ఉంటే తేరుకుంటారు. మాట తడబడడం, మనిషిని గుర్తుపట్టకపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం వస్తే అది వడదెబ్బే. ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మెదడు దెబ్బ తింటున్న దశ. 'చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే' అనుకోకూడదు. కాయకష్టం చేస్తూ పడిపోయేవాళ్లకు చెమట పడుతూనే ఉండవచ్చు. జ్వరం మాత్ర వేసినా లాభం లేదు. జ్వరంలో ఒంటి వేడిని మెదడే పెంచుతుంది కాబట్టి ఆ మాత్ర పనిచేస్తుంది. ఇక్కడ వేడి బయటి నుంచి వచ్చింది. 108కి ఫోన్ చేసి, ఆ బండి వచ్చేలోపు ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. మేమూ అవ్వ మీద తడి దుప్పటి కప్పి ఫ్యాను పెట్టాం. తడి ఉంటేనే ఫ్యానుకు విలువ.

ఆమె బతికింది. ఆసుపత్రి నుంచి వచ్చాక చీటీ చూస్తే జ్వరం, నీరసం అని ఉంది. వడదెబ్బ అన్న మాటే లేదు.

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ అసలు చిక్కంతా ఇందులోనే ఉంది. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా వడదెబ్బతో చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. అవి వడదెబ్బ అని రాసుకున్నవి మాత్రమే. ఎండకు గుండె ఆగిన ముసలాయన గుండెపోటు లెక్కలోకి పోతాడు, కిడ్నీ దెబ్బతిన్న కూలీ కిడ్నీ లెక్కలోకి. అహ్మదాబాద్‌లో 2010 మే నెల మరణాలను పరిశోధకులు వేరే దారిలో లెక్కించారు. జబ్బు పేరు చూడకుండా, మామూలు సంవత్సరాల మే నెలతో పోలిస్తే ఎంతమంది ఎక్కువగా పోయారో చూశారు. 1,344 మంది అని తేలింది. ఆ భయంతోనే 2013లో ఆ నగరం వేసవి కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. ముందస్తు హెచ్చరికలు, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ అందులో ఉన్నాయి. ఆ తర్వాతి ఏళ్లలో పేదల ఇళ్ల కప్పులకు సున్నం కూడా అందులో చేరింది. తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థల దగ్గర జనన మరణాల రిజిస్టర్లు ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల మరణాలను పదేళ్ల వెనక్కి వెళ్లి పోల్చి చూడడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. లెక్క లేనిచోట బాధ్యత కూడా ఉండదు, అందుకే ఎవరూ తొందరపడరేమో.

కాగితం మీది వడగాలికీ మన ఒంటికి తగిలే వడకూ తేడా ఉంది. మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు దాటి, ఆ రోజు మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుంటేనే వాతావరణ శాఖ వడగాలి అంటుంది. లేదా 45 తాకాలి. మే నెలలో మామూలుగానే 40 దగ్గర ఉండే మన ఊరికి 42 డిగ్రీల రోజు కాగితం మీద మామూలు రోజే. ఇంకో వింత కూడా ఉంది. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో ఏళ్ల తరబడి చలిగాలి ఉంటూ వచ్చింది, వడగాలికి చోటు దక్కలేదు!

కత్తిరి ఎండల్లో పని ఆపమని ఎవరూ అడగడం లేదు. వేళలు మార్చమనే అడుగుతున్నాం. ఉపాధి హామీ పనుల్లో వేసవి వచ్చిందంటే పని కొలత తగ్గించి అదే కూలి ఇచ్చే పద్ధతి ఒకప్పుడు మన దగ్గర ఉండేది. ఎండలో మనిషి ఒళ్లు అంతే చేయగలదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా. మరి కట్టడాల దగ్గర, మార్కెట్‌లో ఆ లెక్క ఎందుకు వర్తించదు? ఇంకో విషయం కాంట్రాక్టర్లు వినాలి. కొత్తగా ఎండలో పనికి దిగినవాడి ఒళ్లు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. తొలి కొద్ది రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. బయటూరి నుంచి వచ్చిన కుర్రాడికి మొదటి రోజే పూర్తి బరువు ఎత్తితే కూలి గిట్టుబాటవుతుందేమో గానీ కుర్రాడు మిగలడు. చిత్తూరు వైపు తోతాపురి కోతలప్పుడు పల్ప్ ఫ్యాక్టరీల ముందు మామిడి ట్రాక్టర్లు గంటలు గంటలు, ఒక్కోసారి రాత్రంతా వరుసలో నిలబడతాయి. రైతులు ట్రాక్టరు కింద పడుకుంటారు, ఉన్న నీడ అదొక్కటే మరి. గేటు ముందు ఒక పందిరి, నీళ్ల ట్యాంకు పెట్టడానికి ఫ్యాక్టరీకి ఎంతవుతుంది?

చలివేంద్రాల గురించి రాయకపోతే నాయకులు నొచ్చుకుంటారు. ఏప్రిల్‌లో రిబ్బన్ కత్తిరించి, కుండ పక్కన ఫొటో దిగుతారు. ఫ్లెక్సీ మాత్రం జూన్ దాకా ఉంటుంది. కుండలో నీళ్లు పదిహేను రోజులుంటే గొప్ప. నింపే మనిషికి కూలి ఇవ్వకుండా, కుండ ఎవరు కడుగుతున్నారో చూడకుండా చలివేంద్రం నడవదు. మురికి గ్లాసు, కడగని కుండ ఉన్నచోట దాహం తీరి వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. వేసవిలో ఒంట్లో నీరు పోయే రెండో దారి అది.

నిజానికి నలుగురికీ పోయడం ఈ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు. మండే మే నెలలోనే తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. వేషాలు కట్టి జనం ఎండలోనే ఊరంతా తిరుగుతారు. వీధి వీధినా రాగి అంబలి పోస్తారు. మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ కలిపిన ఆ అంబలి ఒక్క గ్లాసు చేసే మేలు కూల్‌డ్రింకు చేయదు. ఎవరు వచ్చినా పోస్తారు, పేరడగరు. ఆ వారం రోజుల ఓపికను ఎనిమిది వారాలకు సాగదీయడం వీధి కమిటీలకు, కుల సంఘాలకు, ఆటో స్టాండ్లకు అసాధ్యమేమీ కాదు. జాతరకు తిరుమల కొండ మీద నుంచి శ్రీవారి చెల్లెలు గంగమ్మకు సారె వస్తుంది. ఆ సారెతో పాటు నాలుగు డ్రమ్ముల కూల్ పెయింట్ కూడా దిగితే గంగమ్మ కాదంటుందా? జీవకోన, కొర్లగుంట రేకుల ఇళ్లకు ముందుగా వేయవచ్చు.

పిల్లల మాట ఒక్కటి. సెలవుల్లో స్వర్ణముఖిలో ఇసుక తవ్విన గుంతల్లో, ఊరి బయట కుంటల్లో దిగకుండా చూడండి. పైకి మోకాలి లోతులా కనిపించే నీటి కింద ఏటవాలు ఎంతుందో తెలియదు. దిగొద్దు అంటే వినరు కాబట్టి, పెద్దవాళ్లు దగ్గరుండి ఈత నేర్పించడం మేలు.

అవ్వ గది కప్పుకు మేం ఈ మార్చిలో సున్నం వేశాం. నిలవడానికి అందులో కాస్త జిగురు కలిపాం. వీధిలో ఇద్దరు కుర్రాళ్లు, ఒక ఆదివారం పొద్దున, రెండు పొరలు. గది చల్లబడిందని అనను గానీ, రాత్రి పదింటికి చేత్తో తాకితే రేకు ఇదివరకులా కాలడం లేదు. వానలకు చాలావరకు కొట్టుకుపోతుందని మేస్త్రీ ముందే చెప్పాడు. మళ్లీ మార్చికి మళ్లీ వేయాలి. ఈసారి పక్కనున్న మూడు గదులవాళ్లు కూడా అడుగుతున్నారు, నిచ్చెన మాత్రం ఒకటే ఉంది.