జూనియర్ బుర్రలో మైనస్ గుర్తు

మెదడు ఎమ్మారై స్కాన్ల మీద పనిచేసే ల్యాబ్‌లో కొత్త పద్ధతి ఏదైనా పరీక్షించాలంటే ముందు ఒక బుర్ర కావాలి. రోగుల బుర్రతో మొదలుపెట్టకూడదు, ప్రొఫెసర్ గారి బుర్ర ఎప్పుడూ ఖాళీగా ఉండదు, నాకేమో ఆ ఇరుకు గొట్టంలో పడుకుంటే ఊపిరాడదు. ఇక మిగిలింది జూనియర్. సిద్దిపేట నుంచి వచ్చిన కుర్రాడు. ఏ పని చెప్పినా ముందు "అట్లనే అక్కా" అంటాడు, ఆ పనేంటో తర్వాత కనుక్కుంటాడు. ఆస్పత్రికి వెళ్లి, స్కానర్లో పడుకుని, ముక్కు దురద పెడుతున్నా గోక్కోకుండా వచ్చానని గర్వంగా చెప్పాడు. తల మాత్రం కాస్త కదిలిందని తర్వాత డేటా చెప్పింది. దానికి మందుంది. కదిలిన తలని సాఫ్ట్‌వేర్‌తో సరిచేసినప్పుడు గ్రేడియంట్ టేబుల్‌ని కూడా అంతే తిప్పాలని లీమన్స్, జోన్స్ 2009లోనే గట్టిగా చెప్పారు. తిప్పాం. మా కష్టాలు అక్కడ మొదలవలేదు.

ఈ టేబుల్ ఏంటో తెలియనివారికి రెండు ముక్కలు. మెదడులో నీటి అణువులు కుదురుగా ఉండవు. నరాల పోగుల వెంబడి సులువుగా కదులుతాయి, పోగులకి అడ్డంగా కదలడం కష్టం. స్కానర్ ఒక దిక్కు ఎంచుకుని ఆ దిక్కున అయస్కాంత క్షేత్రం బలాన్ని కాసేపు ఎక్కువ తక్కువ చేస్తుంది. ఆ దిక్కున నీళ్లు ఎంత ఎక్కువ కదిలితే సిగ్నల్ అంత పడిపోతుంది. స్టెజ్‌స్కాల్, టానర్ ఈ కిటుకుని 1965లో ప్రకటించారు. రకరకాల దిక్కుల్లో ఇలా బొమ్మలు తీస్తే ఏ చోట పోగులు ఎటు పోతున్నాయో లెక్క కట్టొచ్చు. కనీసం ఆరు దిక్కులు కావాలి. మేం 64 తీశాం. ఏ బొమ్మ ఏ దిక్కుదో రాసిపెట్టుకునే చిట్టానే గ్రేడియంట్ టేబుల్. ఒక్కో బొమ్మకి ఎక్స్, వై, జెడ్ అని మూడు అంకెలు, పక్కన ఎంత గట్టిగా కొలిచామో చెప్పే బి-వాల్యూ. మాది 1000. స్కాన్ ఫైలు వందల ఎంబీలుంటుంది. చిట్టా చూస్తే నాలుగైదు కేబీలు కూడా ఉండదు. పెత్తనం మాత్రం దానిదే.

మొదటి రోజే సాఫ్ట్‌వేర్ ఎర్రక్షరాలతో అరిచింది. బొమ్మలు 66 ఉన్నాయి, చిట్టాలో 65 వరసలే ఉన్నాయి, నేను ముందుకు కదలను పొమ్మంది. గ్రేడియంట్ లేకుండా తీసిన బొమ్మ ఒకటి, దిక్కులవి 64, మొత్తం 65. మరి ఆ 66వది ఎక్కడిది?

"ఒక సున్నా వరస కలిపేద్దాం అక్కా, లెక్క సరిపోతది" అన్నాడు జూనియర్.

వీడు సైన్సు వదిలేసి చార్టర్డ్ అకౌంటెంట్ అయ్యుంటే ఈపాటికి జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టేవాడు. సున్నా వరస అంటే గ్రేడియంట్ లేని బొమ్మ అని అర్థం. ఆ 66వ బొమ్మేమో అన్ని దిక్కులనీ కలిపి స్కానరే సొంతంగా తయారుచేసి చివర్లో తగిలించిన సగటు బొమ్మ. కొన్ని యంత్రాలకి ఆ అలవాటుంది. దానికి సున్నా తగిలిస్తే లెక్క సరిపోతుంది, ఫలితం గంగలో కలుస్తుంది. ఆ బొమ్మని తీసేశాం. సాఫ్ట్‌వేర్ నోరు మూసుకుంది.

అది నోరు మూసుకున్నాకే అసలు భయపడాలని మాకు తర్వాత తెలిసింది. ఈ సాఫ్ట్‌వేర్లకి లెక్కల పట్టింపే తప్ప అర్థాల పట్టింపు లేదు. ఒక వరస తక్కువైతే ఇల్లు పీకి పందిరేస్తాయి. అన్ని వరసలూ తప్పుగా ఉంటే మాత్రం పెళ్లి ఫోటోగ్రాఫర్‌లాగా నవ్వుతూ రంగుల బొమ్మ చేతిలో పెడతాయి.

ఆ రంగుల బొమ్మని సార్ ప్రొజెక్టర్ మీద పెట్టించారు. అందరం చూస్తున్నాం. ఈ బొమ్మల్లో ఒక ఆచారం ఉంది. ఎడమ కుడి పోయే పోగులు ఎరుపు, ముందు వెనక పోయేవి ఆకుపచ్చ, కిందా పైకీ పోయేవి నీలం. మెదడు రెండు సగాలనీ కలిపే పెద్ద వంతెన, కార్పస్ కలోసమ్, నడిమధ్యన ఎర్రగా మెరవాలి. అది కరివేపాకులాగా పచ్చగా ఉంది.

సార్ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"ఈ బుర్ర ఎవరిది?"

"నాదే సార్" అన్నాడు జూనియర్, చెయ్యెత్తి.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఎవరో జాలిగా కుర్చీ అతని వైపు జరిపారు.

మధ్యాహ్నానికల్లా కుర్రాడు తన జీవితాన్ని మొత్తం తిరగరాసుకున్నాడు. చిన్నప్పుడు చెరువుగట్టు మీద సైకిల్ మీంచి పడ్డది గుర్తొచ్చింది. "ఎంసెట్ల నాకు ర్యాంకు ఎందుకు రాలేదో ఇప్పుడు సమజైంది అక్కా" అన్నాడు. ర్యాంకు రాకపోవడానికి క్రికెట్టే కారణమని అంతకుముందు వాడే నాతో చెప్పాడు. ఎఫ్ఏ లెక్క చూపించి ఊరడించబోయాను. నీళ్లు ఒకే దిక్కుకి ఎంత కట్టుబడి కదులుతున్నాయో సున్నా నుంచి ఒకటి దాకా చెప్పే అంకె అది. వాడి ఎఫ్ఏ నిక్షేపంలా ఉంది. కానీ ఆ ధైర్యంలో పస లేదని నాకూ తెలుసు. టేబుల్‌లో ఎక్స్, వై తారుమారైనా ఎఫ్ఏ మారదు. దిక్కు ఎటన్నది దానికి అక్కర్లేదు, ఎంత గట్టిగా అన్నదే కావాలి.

దొంగ దొరికాడు. మా ల్యాబ్‌లో చదివి అమెరికా వెళ్లిపోయిన ఒక సీనియర్ రాసిన స్క్రిప్టు ఉంది. ఫైలు పేరు చివర "ఫైనల్", దాని పక్కన మళ్లీ "ఫైనల్", ఆ పక్కన "న్యూ". అప్పటి పాత స్కానర్ కోసం అందులో ఎక్స్, వై వరసల్ని అటూ ఇటూ మార్చే లైను పెట్టాడు. ఇప్పుడు మేం స్కాన్ ఫైళ్లని మార్చడానికి వాడుతున్న డీసీఎమ్‌టూనిక్స్ ఆ దిక్కుల్ని బొమ్మకి తగ్గట్టు తనే సర్ది ఇస్తుంది. సరిగ్గా ఉన్నదాన్ని మా స్క్రిప్టు మళ్లీ సరిచేసింది. లైను తీసేశాం. కార్పస్ కలోసమ్ పండుమిరపకాయలా ఎర్రబడింది. జూనియర్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు, తన డబ్బుతో. చరిత్రలో అదొక్కసారే.

అదే ఊపులో సాయంత్రం సాఫ్ట్‌వేర్‌తో పోగుల బొమ్మ గీయించాడు. చీకటి మీద రంగురంగుల దారాలు. సార్ చూసి ముచ్చటపడ్డారు. ఓపెన్ డే దగ్గర పడుతోంది, గేటు దగ్గర ఫ్లెక్సీకి ఇదే పంపమన్నారు. హైదరాబాద్‌లో ఫ్లెక్సీ వేయాలంటే పుట్టినరోజో పదవో ఉండాలి. మావాడికి బుర్ర ఒక్కటీ సరిపోయింది. పది అడుగుల ఫ్లెక్సీ లేచింది. వాడు ఫోటో తీసి ఇంటికి పంపాడు, వాళ్లమ్మ గారు డీపీగా పెట్టుకున్నారు. సిద్దిపేటలో మేనమామలంతా "అల్లుడి తలకాయ మస్తు కలర్‌ఫుల్‌గ ఉన్నది" అని మెచ్చుకున్నారట.

ఓపెన్ డే నాడు ఒక న్యూరాలజిస్టు డాక్టరమ్మ వచ్చారు. ఫ్లెక్సీ ముందు ఆగారు. ఆగి చాలాసేపు నిలబడ్డారు. మేం మురిసిపోతూ వెనక నిలబడ్డాం.

"పాపం, యాక్సిడెంట్ ఎప్పుడయింది ఈ పేషెంట్‌కి?" అన్నారు.

పేషెంట్ ఆవిడకి సమోసా ప్లేటు అందిస్తున్నాడు.

కార్పస్ కలోసమ్ ముందు కొన దగ్గర పోగులు రెండు కొమ్ముల్లా నుదుటి వైపు వంగాలి. ఫ్లెక్సీలో అవి మధ్యలోంచి బాగానే బయల్దేరి, కాస్త దూరం పోయి, వెనక్కి తిరిగి చటుక్కున ఆగిపోయాయి. నడినెత్తి వైపు విసనకర్రలా విచ్చుకోవాల్సినవి ఎక్కడికక్కడ తెగిపోయాయి. రంగులు చూస్తే అన్నీ సరైనవే.

రంగులు అబద్ధం చెప్పలేదు, సగం నిజం చెప్పాయి. ఆ రంగు లెక్కలో మైనస్ గుర్తు వదిలేస్తారు. ఎటు అడ్డం, ఎటు నిలువు అన్నది తెలుస్తుంది, వాలు ఏ వైపన్నది తెలియదు. ఆ స్క్రిప్టులో మేం తీసేసిన లైనుకి రెండు లైన్ల కింద ఇంకోటి ఉంది. వై అంకెల్ని మైనస్ ఒకటితో గుణించేది. పక్కన సీనియర్ కామెంటు: "ఎందుకో తెలీదు, పనిచేస్తోంది, ముట్టుకోవద్దు." మేం పెద్దల మాట విన్నాం.

జూనియర్‌కి మాత్రం ఈ లెక్క మింగుడు పడలేదు. "నీళ్లు గీడికెళ్లి గాడికి పోతే ఏంది, గాడికెళ్లి గీడికొస్తే ఏంది అక్కా? మైనస్ ఉంటే ఏం ఫరక్ పడ్తది?" అన్నాడు. పాయింటే. మూడు అంకెలకీ ఒకేసారి మైనస్ పెడితే నిజంగానే ఏ తేడా రాదు. చిక్కంతా ఒక్కదానికే పెడితే. బోర్డు మీద సిటీ మ్యాప్ గీశాను. మెహదీపట్నం నుంచి సికింద్రాబాద్ ఈశాన్యం. ఉత్తరం దక్షిణం ఒక్కటీ తిరగేస్తే అదే మనిషి సంతోష్‌నగర్ దగ్గర తేలతాడు. అచ్చంగా తూర్పుకే పోయేవాడికి మాత్రం తేడా తెలియదు. మెదడు మధ్యగీత దగ్గర పోగులు అచ్చంగా ఎడమ కుడి పోతాయి కాబట్టి అక్కడ అంతా సవ్యంగా కనిపించింది. దారి వంపు తిరిగిన చోటే బండి సంతోష్‌నగర్ పోయింది. ఇప్పుడు అర్థమైంది వాడికి. కానీ మరీ ఎక్కువ అర్థమైంది.

"మరి మైనస్ తప్పు కాకపోతే? నా బుర్రనే గిట్లుంటే?"

కిమ్ పీక్ కథ చెప్పాను. అమెరికాలో 1951లో పుట్టాడు, అసలు కార్పస్ కలోసమే లేకుండా, అయినా వేల పుస్తకాలు కంఠతా పెట్టాడు అని. "నాకు మా రూమ్ వైఫై పాస్‌వర్డే యాదికుండదు అక్కా" అన్నాడు. ఓదార్పు ఎదురు తన్నింది.

సరే, బొమ్మే ఎడమ కుడి తిరగబడిందేమో ముందు తేల్చుకుందామన్నాం. దానికి ఒక పాత చిట్కా ఉంది. స్కాన్ చేసేటప్పుడు తలకి ఒక పక్కన విటమిన్ ఇ గోళీ ప్లాస్టర్‌తో అంటిస్తారు, అది బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. మావాడికీ అంటించారు. ఏ పక్కనో వాడికి గుర్తులేదు. ఆస్పత్రిలో టెక్నీషియన్ అన్నకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"కుడి పక్కనే తమ్ముడూ."

"ఎవరి కుడి అన్నా?"

"నేను నీ తల దగ్గర నిలబడ్డ కదా, నా కుడి... ఆగు, నువ్వు ఎల్లకిల పడుకున్నవ్... కంప్యూటర్‌ల చూస్తే మళ్ల ఎడమ పక్కకొస్తది. డాక్టర్లు అట్లనే చూస్తరు."

ఇంతలో రెండో ఫోన్ మోగింది. బిర్యానీ తెచ్చిన కుర్రాడు గేటు దగ్గరున్నాడు. "అన్నా, లెఫ్టా రైటా?"

"పేషెంట్ లెఫ్టు!" అని అరిచాడు మావాడు.

బిర్యానీ పక్క బ్లాకు కెమిస్ట్రీ వాళ్లకి చేరింది. వాళ్లు తినేశారు కూడా. ఇన్‌ఆర్గానిక్ వాళ్లకి దొరికిన వస్తువుని తిరిగివ్వడం చేతకాదు. గోళీ మాత్రం వాడి కుడి కణత మీదే ఉందని చివరికి వీడియో కాల్‌లో తేలింది. బొమ్మ సరైనదే, చిట్టానే తప్పు.

ఇక ఊహలు కట్టిపెట్టి, ఇలాంటి స్కాన్ల కోసమే ఉన్న ఎమ్మార్‌ట్రిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో డీడబ్ల్యూఐగ్రాడ్‌చెక్ అనే కమాండు నడిపాం. ముందే నడపాల్సిందని మీకనిపిస్తోంది కదా, దాని సంగతి ముందే తెలిసిన మనిషి అమెరికాలో ఉన్నాడు. అది చేసే పని మోటుగానే ఉంటుంది, కానీ అందులో తెలివుంది. మూడు అక్షాల్ని మార్చి పేర్చడానికి ఆరు మార్గాలు. ఏ మైనస్సూ లేకుండా ఒకటి, ఒక్కో అక్షానికి మైనస్ పెట్టి మూడు, మొత్తం నాలుగు. ఆరు నాలుగుల 24. ఇరవై నాలుగు రకాల చిట్టాలతోనూ పోగులు గీయించి, ఎందులో సగటు పొడవు ఎక్కువొస్తే అదే సరైనదని తేలుస్తుంది. తప్పు చిట్టాతో గీస్తే పోగులు దారి తప్పి పొట్టిగా తెగిపోతాయి, ఫ్లెక్సీలో తెగినట్టే. ఈ ఉపాయం జ్యూరిసెన్, ఆయన సహచరులు 2014లో ప్రచురించారు. ల్యాబ్ కంప్యూటర్ ఫ్యాను హెలికాప్టర్‌లా తిరుగుతుంటే జూనియర్ దాని ముందు పరీక్ష ఫలితాల కోసం కూర్చున్నట్టు కూర్చున్నాడు.

జాబితా వచ్చింది. అన్నిటికన్నా పైన ఉన్నది వైకి మైనస్ పెట్టిన వరస. అంటే మా స్క్రిప్టు పెట్టిన మైనస్‌ని ఇంకో మైనస్‌తో కొట్టేస్తే వచ్చేది. ఆ లైను పీకేసి మళ్లీ గీయించాం. రెండు కొమ్ములూ నుదుటి వైపు వంగాయి, విసనకర్ర విచ్చుకుంది. వాడు వెంటనే వాళ్లమ్మకి ఫోన్ చేసి, డీపీ మార్చమన్నాడు. "పాతదే మంచిగున్నది బిడ్డా, గిది అందరి తలకాయల లెక్కనే ఉన్నది" అందావిడ. డీపీ ఇప్పటికీ మారలేదు.

సార్‌కి మాత్రం ఫ్లెక్సీ దిగులు పట్టుకుంది. డాక్టరమ్మ మళ్లీ వస్తానన్నారు. కొత్తది వేయించి, బిల్లు అకౌంట్స్ సెక్షన్‌కి పంపించాం. మళ్లీ ముద్రించడానికి కారణం అన్న గడిలో జూనియర్ నిజాయితీగా రాశాడు: గ్రేడియంట్ టేబుల్‌లో ఒక మైనస్ గుర్తు ఎక్కువైనందువల్ల.

ఫైలు తిరిగొచ్చింది. అకౌంట్స్ ఆయన మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో రాశారు: "మైనస్ తీసేస్తే మీ ఖాతాలో సొమ్ము పెరగాలి కదా మేడమ్? మళ్లీ బిల్లెందుకు? వివరణ జతచేయగలరు."